స్వతంత్ర కువైట్, దక్షిణ రాయలసీమ వలస

పర్షియన్ సింధుశాఖ వాయవ్య కొసన ఉన్న కువైట్ 1961 జూన్ 19న బ్రిటిష్ రక్షణ ఒప్పందం నుంచి బయటపడి స్వతంత్ర దేశమైంది. ఆనాటి నుంచి అక్కడి రాజ్యాంగం, శాసనసభ, చమురు ఆదాయం, పౌరసత్వ చట్టం, కార్మిక చట్టం నడిచిన తీరు ఆ దేశ పౌరుల బతుకునే గాక, సముద్రానికి ఇవతల చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య, కడప జిల్లాల్లోని వేలాది కుటుంబాల బతుకును కూడా మార్చింది. పాత చిత్తూరు జిల్లా పడమటి తాలూకాలైన మదనపల్లె, వాయల్పాడు, పీలేరు, వాటిని ఆనుకొని ఉన్న పాత కడప జిల్లా రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతాలు కువైట్ వలసకు పేరుపడ్డాయి. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి దుబాయికి, సౌదీ అరేబియాకు వెళ్ళినవారు ఎక్కువగా మగవాళ్ళే కాగా, ఈ సీమ నుంచి, గోదావరి జిల్లాల్లోని కొన్ని ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి ఆడవాళ్ళు పెద్దసంఖ్యలో వెళ్ళారు. అందువల్ల ఈ వలస చరిత్రను రాయడమంటే ఒక అరబ్బు రాజ్యం తన పౌరుల ఇంటిని ఎలా తీర్చిదిద్దిందో, ఆ ఇంట్లో పనిచేసే మనిషిని చట్టంలో ఎక్కడ నిలబెట్టిందో రాయడమే అవుతుంది.

అరబ్బు ప్రపంచంలో కువైట్ స్థానం

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అరబ్బు దేశాలు స్థూలంగా రెండు దారులు పట్టాయి. ఈజిప్టులో 1952లో, ఇరాక్‌లో 1958లో, లిబియాలో 1969లో సైన్యాధికారులు రాజులను దించి కొత్త ప్రభుత్వాలు ఏర్పరచారు; ఎనిమిదేళ్ళు పోరాడి 1962లో ఫ్రాన్స్ నుంచి విముక్తి పొందిన అల్జీరియాలో విమోచన సంస్థే పాలకపక్షమైంది. ఈ దేశాల్లో భూసంస్కరణలు, పరిశ్రమల జాతీయీకరణ, విద్యావ్యాప్తి ఒకవైపు, ప్రతిపక్షాన్ని సహించని పాలన మరొకవైపు కలిసి నడిచాయి. జోర్డాన్, మొరాకో, సౌదీ అరేబియా, 1971లో స్వతంత్రమైన బహ్రెయిన్, ఖతార్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ రాజవంశాలను నిలుపుకున్నాయి. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ చేతిలో ఓటమితో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ నడిపిన అరబ్బు ఐక్యతావాదం వన్నె తగ్గింది. 1973-74లో చమురు ధర దాదాపు నాలుగింతలు కావడంతో ఆర్థిక బలం గల్ఫ్ తీరానికి మళ్ళింది. 2011 తిరుగుబాట్లలో ట్యునీసియా, ఈజిప్టు, లిబియా, యెమెన్ పాలకులు పడిపోయినా రాజరికాల్లో ఒక్కటీ కూలలేదు.

కువైట్ రాజరికమే. అయినా గల్ఫ్ దేశాల్లో మొట్టమొదట ఎన్నికైన శాసనసభను ఏర్పరచుకొని, పాలకులను సభలో నిలదీసే ఆచారాన్ని దశాబ్దాలపాటు కాపాడుకున్న దేశం అదే కనుక, దాన్ని మిగిలిన రాజరికాలతో ఒకే గాట కట్టడం సరికాదు.

రూపాయి చెల్లిన తీరం

పద్దెనిమిదో శతాబ్దం నుంచి కువైట్‌ను ఏలుతున్న అల్ సబా వంశం 1899లో షేక్ ముబారక్ కాలంలో బ్రిటన్‌తో ఒప్పందం చేసుకొని, విదేశాంగ వ్యవహారాలను దాని చేతికి వదిలింది. అప్పటి కువైట్ జీవనం ముత్యాల వేట మీద, ఓడ వ్యాపారం మీద నడిచేది. వాళ్ళ ఓడలకు టేకు కలప మలబారు తీరం నుంచి వెళ్ళేది. బస్రా ఖర్జూరాలు ఆ ఓడల్లోనే మన పడమటి తీరానికి వచ్చేవి. ముత్యాలకు పెద్ద అంగడి బొంబాయి. అక్కడి బజారులో చెల్లిన నాణెం భారత రూపాయి. ఆ దారిన బంగారం దొంగరవాణా పెరిగి విదేశీ మారకం తరిగిపోతున్నదని 1959లో భారత రిజర్వు బ్యాంకు గల్ఫ్ ప్రాంతంలో మాత్రమే చెల్లే ప్రత్యేక రూపాయి నోట్లను వేరే రంగుల్లో ముద్రించింది. 1961లో కువైట్ సొంత దీనారును ప్రవేశపెట్టి ఈ నోట్లను వెనక్కి పంపింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు తిరగకముందే దీనారును రూపాయిలుగా మార్చి ఇంటికి పంపడం కోసం రాయలసీమవాసులు అదే తీరానికి బయలుదేరారు.

బుర్గాన్ వద్ద 1938లో చమురు బయటపడింది. యుద్ధం వల్ల ఆగిన ఎగుమతి 1946లో మొదలైంది. 1950లో పాలకుడైన షేక్ అబ్దుల్లా అల్ సాలిం ఆ ఆదాయంతో బడులు, ఆస్పత్రులు, రోడ్లు, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కేంద్రాలు కట్టించాడు. పాత పట్నం చుట్టూ ఉన్న మట్టిగోడను 1957లో పడగొట్టి, గోడ లోపలి ఇళ్ళను ప్రభుత్వం మంచి ధరకు కొని, పౌరులను బయట కొత్త పేటల్లో విశాలమైన స్థలాలకు తరలించింది. ఉమ్మడి కుటుంబాలు ఇరుగ్గా కాపురమున్న ఇళ్ళ స్థానంలో పెద్ద గదులు, తోట, కారు షెడ్డు, పనివాళ్ళకు వేరే గది ఉన్న మేడలు వచ్చాయి. ఇంటిపనికి బయటి మనిషి అవసరం ఈ మేడలతోనే పెరిగింది.

రాజ్యాంగం, పౌరసత్వం

స్వాతంత్ర్యం ప్రకటించిన వారం లోపలే ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం కువైట్ తమ దేశంలో భాగమని ప్రకటించడంతో మొదట బ్రిటిష్ సేనలు, తర్వాత అరబ్ లీగ్ సేనలు కాపలా కాయవలసి వచ్చింది. చిన్న దేశానికి బయటి అండతో పాటు లోపలి సమ్మతి కూడా కావాలన్న ఎరుకతో షేక్ అబ్దుల్లా రాజ్యాంగ రచనకు పూనుకున్నాడు. 1962 నవంబరులో రాజ్యాంగం వెలువడింది. 1963 జనవరిలో 50 స్థానాల శాసనసభకు ఎన్నికలు జరిగాయి. రాజకీయ పార్టీలకు చట్టబద్ధత ఇవ్వకపోయినా, దీవానియా అనే మగవాళ్ళ సాయంత్రపు కూటాలు పార్టీ కార్యాలయాలకు బదులుగా పనిచేశాయి. అమీరు, అంటే దేశాధిపతి, 1976లోనూ 1986లోనూ సభను రద్దుచేసి రాజ్యాంగంలోని కొన్ని అధికరణలను నిలిపివేశాడు. రెండుసార్లూ కొన్నేళ్ళ తర్వాత సభ తిరిగి వచ్చింది.

1959 నాటి పౌరసత్వ చట్టం ఈ సభకు ఓటేసేవాళ్ళెవరో తేల్చింది. 1920కి ముందు నుంచి అక్కడ స్థిరపడినవారి సంతతినే అది మూలపౌరులుగా గుర్తించింది. అప్పట్లో నమోదు చేయించుకోని సంచారజాతులవారు, వారి సంతానం ఏ దేశ పౌరులూ కాకుండా నేటికీ ‘బిదూన్’లుగా మిగిలారు. పౌరులకు ఉచిత విద్య, ఉచిత వైద్యం, సర్కారు కొలువు, ఇంటికి రుణం, సబ్సిడీ ధరకు కరెంటు, నీరు దక్కాయి. 1975లో చమురు పూర్తిగా ప్రభుత్వపరమయ్యాక ఈ పంపకం ఇంకా పెరిగింది. పౌరుడికి ఇంత ఇచ్చే రాజ్యం పౌరసత్వపు తలుపును అంత గట్టిగానే మూసింది. కట్టేవాడు, ఊడ్చేవాడు, వండేవాడు, నడిపేవాడు ఎన్నేళ్ళున్నా అతిథిగానే ఉండాలని తొలి రోజుల్లోనే నిర్ణయమైపోయింది.

ఈ నిర్ణయం అమలైన పద్ధతి పేరు కఫాలా. విదేశీ కార్మికుడికి స్థానిక పౌరుడో సంస్థో పూచీ ఉండాలి; ఆ పూచీదారు కఫీల్. దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి అకామా. కఫీల్ అకామా పునరుద్ధరించకపోయినా, పనిమనిషి పారిపోయిందని పోలీసులకు రాసిచ్చినా ఆమె ఆ క్షణం నుంచి అక్రమ నివాసి అవుతుంది. కంపెనీలు, దుకాణాల్లో పనికి ఇచ్చే 18వ నంబరు వీసాను మనవాళ్ళు షూన్ వీసా అంటారు. ఇంటిపనికి ఇచ్చే 20వ నంబరుది ఖాదిం వీసా. ఈ రెండు వీసాల మధ్య తేడా వట్టి నంబరు తేడా కాదు. 1964 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టం, దాని స్థానంలో వచ్చిన 2010 చట్టం రెండూ ఇంటి పనివాళ్ళను తమ పరిధి నుంచి తప్పించాయి. అంటే స్వాతంత్ర్యం వచ్చాక అర్ధశతాబ్దికి పైగా కువైట్‌లో ఇంటిపనికి పని గంటలు, సెలవు, జీతం నిర్ణయించే కార్మిక చట్టమే లేదు. రాయచోటి, పీలేరు ఆడవాళ్ళు ఎక్కువగా చేరింది సరిగ్గా ఈ ఖాళీలోనే.

సీమ నుంచి బయలుదేరిన దారి

పాత చిత్తూరు జిల్లా తూర్పు భాగానికి ఈశాన్య రుతుపవనాలు అక్కరకొస్తే, పడమటి మెట్టకు వాన నమ్మకం తక్కువ. బాహుదా, పింఛా, చెయ్యేరు లాంటివి వానొస్తేనే పారే ఏళ్ళు. చెరువు కింద వరి, మెట్టన శెనక్కాయ, ఆ పైన బావి నీళ్ళతో చెరకు, టమోటా ఈ నేల సాగు. 1970ల తర్వాత శెనక్కాయ ఒక్కదానినే నమ్ముకొన్న చేలు ఎక్కువై, వాన తప్పిన ఏడాది అప్పు మిగిలేది. బావులు ఎండి బోర్లు వేయడంతో ఆ అప్పు ఇంకా పెరిగింది. దరఖాస్తు పట్టా భూములు దక్కిన దళిత కుటుంబాలకు నీటి వసతి దక్కలేదు. ఇదంతా అనంతపురంలోనూ ఉంది. అయితే అక్కడివాళ్ళు ఎక్కువగా బెంగళూరు దారి పట్టగా, రాయచోటి, మదనపల్లె వైపు కువైట్ దారి పడడానికి కరువు ఒక్కటే కారణం కాదు. ముందు వెళ్ళినవాళ్ళు పంపిన వీసాల మీదే వెనకవాళ్ళు వెళ్ళారు. ఈ పట్నాల్లోని ముస్లిం కుటుంబాలకు ఉర్దూ, అరబ్బీ అక్షర పరిచయం కొంత ధైర్యమిచ్చింది. వాళ్ళ ఇరుగుపొరుగున ఉన్న బలిజ, దళిత, వెనుకబడిన కులాల ఇళ్ళకు ఆ దారి తెలిసింది. ఇంటిపని వీసాను కఫీలే తన ఖర్చుతో తెప్పించుకొనే ఆచారం ఉండడంతో మగవాడి వీసాకు పెట్టే డబ్బు ఆడమనిషి వీసాకు అక్కర్లేకపోయింది. పొలమూ బంగారమూ లేని ఇంటి నుంచి ముందు ఆడమనిషే బయలుదేరడానికి ఇది ముఖ్య కారణం.

భారత ప్రభుత్వం 1983 వలసల చట్టంతో విదేశీ కొలువుల ఏజెంట్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. పదో తరగతి చదవనివారు గల్ఫ్ దేశాలకు వెళ్ళాలంటే వలస అనుమతి తీసుకోవాలని, ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలని నిబంధనలు పెట్టింది. 2016 నుంచి ఇలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఓంక్యాప్ అనే రాష్ట్ర సంస్థది. ఉద్దేశం రక్షణే అయినా, అడ్డుగోడ ఎత్తు పెరిగేకొద్దీ లైసెన్సు లేని ఏజెంటు చేతికి పని పెరిగింది. విజిట్ వీసా మీద దుబాయికో మస్కట్‌కో చేర్చి అక్కడి నుంచి కువైట్‌కు తీసుకెళ్ళడం, పాస్‌పోర్టులో వయసు పెంచడం ఆనవాయితీ అయ్యాయి. ఆ దారిన వెళ్ళిన మనిషి పేరు ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఉండదు కనుక ఆపదలో వెతకడం కష్టం.

ఈ దారి ఎంత ఇరుకైనదో 2022లో బయటపడిన ఒక వ్యవహారం చూపుతుంది. కువైట్ నుంచి వెళ్ళగొట్టిన వారి వేలిముద్రలు అక్కడి విమానాశ్రయంలో భద్రంగా ఉంటాయి. వాళ్ళు మళ్ళీ అడుగుపెడితే యంత్రం పట్టేస్తుంది. అలాంటివారి వేలికొసల చర్మాన్ని కోసి, లోపలి పొరను కొంత తీసి, తిరిగి కుట్టి, గీతలు మార్చి పంపుతున్నారన్న ఆరోపణ మీద రాచకొండ పోలీసులు హైదరాబాదు శివార్లలోని ఘట్‌కేసర్ దగ్గర కొందరిని అరెస్టు చేశారు; నిందితుల్లో తిరుపతి ఆస్పత్రుల్లో సాంకేతిక సిబ్బందిగా పనిచేసినవారు ఉన్నారు. కష్టాలు పడి వచ్చిన చోటికే వేళ్ళు కోయించుకొని మరీ తిరిగి వెళ్ళాలనుకొన్నారంటే, ఇక్కడ మిగిలిన అప్పు ఎంత బరువైనదో తెలుస్తుంది.

1990 ఆగస్టు, దాని తర్వాత

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఇరాక్, కువైట్‌లలో చిక్కుకొన్న లక్షన్నరకు పైబడిన భారతీయుల కోసం అప్పటి విదేశాంగమంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాదు వెళ్ళి ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్‌ను కలిశాడు. భారతీయులు బస్రా, బాగ్దాదుల మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరగా, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా రెండు నెలల్లో 488 విమానాల్లో లక్షమందికి పైగా స్వదేశానికి తెచ్చింది. పేదరాళ్ళు పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోనే వదిలి, ఒంటిమీది బట్టలతో వచ్చారు. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ ఇరాక్ చమురు ఆదాయం నుంచి, దేశం వదలవలసి వచ్చిన వ్యక్తికి 2,500 డాలర్లు గాని 4,000 డాలర్లు గాని చొప్పున చెల్లించింది. ఒక యుద్ధంలో కూలిమనిషికి జరిగిన నష్టాన్ని అంతర్జాతీయ సంస్థ లెక్కగట్టి చెల్లించడం అరుదైన సంగతి, ఎత్తి చెప్పుకోదగినది.

1991 ఫిబ్రవరిలో విముక్తి పొందిన కువైట్ సమాజం వేరే రూపం దాల్చింది. ఆక్రమణకు ముందు నాలుగు లక్షల దాకా ఉన్న పాలస్తీనీయులు, వారి నాయకత్వం సద్దాం పక్షం వహించిందన్న కోపానికి గురై చాలావరకు వెళ్ళిపోవలసి వచ్చింది. బడిపంతుళ్ళు, ఇంజనీర్లు, గుమాస్తాలుగా ఉన్న ఆ అరబ్బు వలసదారుల స్థానాన్ని ఈజిప్షియన్లు కొంత, దక్షిణాసియా, ఫిలిప్పీన్స్ వారు కొంత నింపారు. రాజకీయంగా పోటీకి రాని, భాష కలవని శ్రామికులే మేలన్న ధోరణి స్థిరపడింది. 2024 నాటికి కువైట్‌లో భారతీయులు దాదాపు 10 లక్షలని, జనాభాలో 21 శాతమని, శ్రామికుల్లో 30 శాతమని భారత విదేశాంగశాఖ లెక్క.

సభ 1992లో తిరిగి కొలువుతీరింది. కువైట్ స్త్రీల ఓటుహక్కు కోసం సాగిన పోరాటం 2005 మే 16న ఫలించింది. 2006లో వారు తొలిసారి సాధారణ ఎన్నికల్లో ఓటేశారు. 2009లో నలుగురు స్త్రీలు సభకు ఎన్నికయ్యారు. 1966లో తెరిచిన కువైట్ విశ్వవిద్యాలయంలో చదివి, మంత్రిత్వశాఖల్లో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో కొలువు చేసిన తరం ఈ గెలుపు వెనక ఉంది. ఆ తరం స్త్రీలు పొద్దున కచేరీకి వెళ్ళడానికి, ఇంట్లో పిల్లలకు స్నానం చేయించి, వండిపెట్టి, ముసలివాళ్ళకు మందులిచ్చే మరో స్త్రీ ఉండాలి. సీమ స్త్రీ చాలామంది కువైట్ బిడ్డలను పెంచింది. ఆమె సొంత బిడ్డలను ఊర్లో జేజి పెంచింది. అరబ్బు స్త్రీవిముక్తి చరిత్ర రాసేటప్పుడు ఈ రెండో స్త్రీని మరిచిపోవడం పెద్ద లోపం.

ఇంటి పనివాళ్ళ కోసం ప్రత్యేక చట్టం ఎట్టకేలకు 2015లో 68వ నంబరుతో వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికి ఒకరోజు జీతంతో సెలవని, ఏడాదికి 30 రోజుల సెలవని, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చెల్లించాలని అది చెప్పింది. 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయమైంది. గల్ఫ్ దేశాల్లో ఇది ముందడుగే. అయితే తనిఖీ అధికారి ఇంటి గడప దాటి లోపలికి వచ్చే ఏర్పాటు లేనంతవరకు ఈ హక్కులు అడిగి తీసుకోగల ధైర్యం ఉన్నవారికే దక్కుతాయి. 2021 జూన్‌లో భారత్, కువైట్ ఇంటి పనివాళ్ళ నియామకంపై ఒప్పందం చేసుకున్నాయి.

ఊళ్ళలో మార్పు

వలస డబ్బు మొదట అప్పు తీర్చింది, తర్వాత మిద్దె కట్టింది, ఆ తర్వాత ఆడబిడ్డల పెళ్ళి చేసింది, చివరగా చదువు చెప్పించింది. రాయచోటి, పీలేరు, కలికిరి వీధుల్లో మనీ ట్రాన్స్‌ఫర్ అంగళ్ళు, టికెట్ల ఆఫీసులు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి; పట్నం శివార్లలో ఇంటి స్థలాల ధర పొలం ధరను మించింది. కూలికి ఒకరి పొలానికి వెళ్ళిన కుటుంబం సొంత మిద్దెలో ఉండడం, రైతు ఇంటి వాకిట నిలబడవలసిన అగత్యం తప్పడం చిన్న మార్పు కాదు. దళితవాడల్లో భూసంస్కరణలు సాధించలేని పనిని కొంతవరకు ఇంటిపని చేసిన ఆడవాళ్ళ జీతం సాధించింది. పొలంలో కలుపుకు మనుషులు కరువై కూలి రేటు పెరగడానికీ ఇది కొంత తోడ్పడింది.

ఇంటి లోపలి లెక్క వేరు. డబ్బు పంపేది ఆమె, ఖర్చు చేసేది తరచుగా భర్తో అన్నదమ్ములో. రెండేళ్ళకొకసారి మూడు నెలల సెలవు మీద వచ్చిన తల్లిని చిన్నబిడ్డ గుర్తుపట్టకపోవడం ఈ ఊళ్ళలో తరచు వినే మాట. భర్త వేరే కాపురం పెట్టిన ఇళ్ళూ, చదువు ఆపి తమ్ముళ్ళను సాకిన ఆడపిల్లలూ ఉన్నారు. ఆమె మీద పుకార్లు లేపే ఊరు, ఆమె పంపిన చందాతో కట్టిన గుడికీ మసీదుకూ చర్చికీ మాత్రం పేరు రాయించుకుంటుంది.

కువైట్ నగరంలో మాలియా ప్రాంతం తెలుగువాళ్ళ కూడలి. శుక్రవారం సెలవు దొరికినవారు అక్కడ చేరి ఊరి కబుర్లు, పార్సిళ్ళు, వీసా సమాచారం పంచుకుంటారు. నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో తెలుగు ప్రార్థనలు జరుగుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రధాన పార్టీలకు అక్కడ అభిమాన సంఘాలున్నాయి. సొంత పార్టీలు పెట్టుకోవడానికి పౌరులకే అనుమతి లేని దేశంలో పరాయి కూలీలు తమ రాష్ట్ర ఎన్నికల వేడిని పంచుకుంటారు.

ఇటీవలి సంవత్సరాలు

2011 నవంబరులో నిరసనకారులు శాసనసభ భవనంలోకి చొరబడడం, ప్రధాని రాజీనామా చేయడంతో మొదలైన ఒడుదొడుకులు కువైట్‌ను పుష్కరకాలం వదలలేదు. ఎన్నికలు, రద్దులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2023 డిసెంబరులో గద్దెనెక్కిన అమీరు మిషాల్ 2024 మే 10న సభను రద్దుచేసి, కొన్ని రాజ్యాంగ అధికరణలను నాలుగేళ్ళకు మించని కాలానికి నిలిపివేశాడు. ఆ తర్వాత వేలమంది పౌరసత్వాలు రద్దయ్యాయి. చమురు ధర తగ్గిన 2014 తర్వాత, మళ్ళీ కరోనా కాలంలో, విదేశీయుల సంఖ్య తగ్గించాలన్న మాట సభలో గట్టిగా వినిపించింది. 2020లో భారతీయులను జనాభాలో 15 శాతానికి పరిమితం చేయాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది.

అకామా లేనివారు జరిమానా లేకుండా వెళ్ళిపోవడానికి 2018, 2020, 2024 సంవత్సరాల్లో క్షమాభిక్ష ప్రకటించారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల వసతి భవనం కాలిపోయి 45 మంది భారతీయులు చనిపోయారు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్‌వారు. మరుసటి నెల ఎడారిలో పశువులు మేపే పనిలో చిక్కుకొన్న అన్నమయ్య జిల్లా కార్మికుడొకరు ఫోన్‌లో తీసి పంపిన వీడియో చూసి రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ కల్పించుకోవడంతో అతడు ఊరు చేరాడు. అదే జూలైలో కువైట్ ప్రభుత్వం ఖాదిం వీసా మీద ఉన్నవారు షూన్ వీసాకు మారడానికి రెండు నెలల గడువిచ్చింది. ఒకే కఫీల్ దగ్గర ఏడాది పనిచేసి ఉండాలి, ఆ కఫీల్ ఒప్పుకోవాలి అన్నవి అందుకు షరతులు.